రోహిణి కార్తె నుంచి లెక్క మొదలుపెట్టండి

ప్రశ్న: మాది ఓర్వకల్లు. కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. వాకిట్లో ముప్పై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు స్థలం వదిలాం. సంక్రాంతికి బంతి, చామంతి, గులాబీలతో కళకళలాడుతుంది. ఉగాది దాటితే ఎండుపుల్లలే మిగులుతాయి. ఏడాది పొడవునా రంగులు ఉండాలంటే ఏం నాటాలండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పు మీ చేతిది కాదమ్మా, లెక్క మొదలుపెట్టిన నెలది. మనవాళ్లలో చాలామంది తోట సంగతి చలికాలంలోనే తలపెడతారు. అప్పుడు నర్సరీలో కంటికి నచ్చినవన్నీ తెచ్చి పెడతారు. చామంతి రాత్రులు పొడవైతేనే మొగ్గ తొడుగుతుంది (వీధి దీపం వెలుగు రాత్రంతా మీద పడితే అదీ సరిగా తొడగదు). దాని కాలం దాటాక ఎన్ని బిందెలు పోసినా లాభం లేదు. బంతిది కొన్ని నెలల బతుకే. కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కలు చాలావరకు గోదావరి గాలి తేమలో, నీడ వలల కింద పెరిగినవి. మన దగ్గర ఏడాది మొత్తానికి వాన 700 మిల్లీమీటర్ల లోపే, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే పడిపోతుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. అందుకని రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా నిలబడి పూసేవేవో ముందు తేల్చుకోండి. వాటిని శాశ్వతంగా నాటి, మిగతా కాలాల పూలను వాటి మధ్య సర్దండి.

ఆ పరీక్షలో మొదట నెగ్గేది కాగితం పూల మొక్క. దగ్గరికెళ్లి చూడండి: మనం పూరేకులనుకునే గులాబీ, నారింజ రంగువన్నీ నిజానికి రంగు తిరిగిన ఆకులు. అసలు పువ్వు వాటి నడుమ సన్నటి గొట్టంలా, తెల్లటి మూతితో ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే ఇది ఆకు మీద ఆకు వేస్తుందే గాని రంగు చూపదు. కాస్త ఎండగడితేనే విరగబూస్తుంది. మన ఊరికి ఇంతకన్నా ఏం కావాలి? ప్రహరీ పక్కన అది, మూలన ఒక రేల చెట్టు, గేటు దగ్గర దేవగన్నేరు పెడితే ఎండాకాలం గడిచిపోతుంది. రేల పూతకు కొన్నేళ్లు పడుతుంది, ఓపిక పట్టాలి. వానలు మొదలయ్యాక తంగేడు పసుపు, ముసురు తగ్గే వేళకు పారిజాతం, మార్గశిరంలో డిసెంబరాలు, ఆ తర్వాత మీ చామంతులు. బిళ్ల గన్నేరు, రేల నీడన కనకాంబరం దాదాపు ఏడాదంతా పూస్తూ ఖాళీలు పూడుస్తాయి. మల్లెకు మాత్రం వేసవిలో నీళ్లు పోయక తప్పదు, ఆ ఒక్క ముద్దూ చెల్లించండి. డిసెంబరు, జనవరిల్లో నీళ్లు తగ్గించి కొమ్మలు కత్తిరిస్తే వేసవికి నిండుగా పూస్తుంది.

“తంగేడు, రేల పొలాల గట్ల మీదివి కదా, ఇంటి ముందు ఏం బాగుంటాయి?” అంటారేమో. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. రేల కేరళకు రాష్ట్ర పుష్పం, థాయ్‌లాండ్‌కు జాతీయ పుష్పం. వాటిని చిన్నచూపు చూసేది మనమే. హైవేల డివైడర్ల మీద కాగితం పూలు, గన్నేరు పెట్టేదీ అవి మొండివనే. అయితే ఎర్ర గన్నేరు చెట్టంతా విషం. పసిపిల్లలు, మేకలు తిరిగే ఇంట్లో దాని జోలికి పోవద్దు.

ఇంకో మాట. వాకిలంతా బేతంచెర్ల బండలు పరచకండి. పగలు మింగిన వేడిని అవి రాత్రి దాకా కక్కుతూనే ఉంటాయి, పక్కనున్న వేళ్లు ఉడికిపోతాయి. నడిచే దారికి పరిచి, పాదుల చుట్టూ మన్ను వదిలి, వేరుశనగ పొట్టు మందంగా కప్పండి. తేమ నిలుస్తుంది.

ప్రశ్న: బోరు, డ్రిప్ ఉంటే ఏ మొక్కైనా పెరుగుతుంది కదా? ఈ లెక్కలన్నీ ఎందుకు?
– నన్నూరు పాఠకుడు

జవాబు: డ్రిప్ వేరుకు నీళ్లిస్తుంది, వడగాలిని ఆపదు. పైగా బోరు నీళ్లలో ఉప్పుంటే ఏడాది తిరిగేసరికి పాదు అంచుల్లో తెల్లటి పెచ్చు కడుతుంది, మందారం ఆకుల కొసలు మాడతాయి. దాన్ని కడిగేది వాన నీరే. వంద చదరపు మీటర్ల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. కొంత ఇంకి, కొంత ఆవిరైనా మిగిలిన నీళ్లను ఒక గొట్టంతో తోటలోకి మళ్లించడం పెద్ద ఖర్చేమీ కాదు. ఆ తర్వాతే డ్రిప్ సంగతి.

ఇద్దరికీ చెప్పేదొకటే. మే నెలలో ఒక సాయంత్రం ఊరంతా తిరిగి, నీళ్లు పోసే దిక్కు లేకపోయినా పూస్తున్న మొక్కల పేర్లు రాసుకోండి. గుంతలు అప్పుడే తవ్వి ఎండనివ్వండి. మొక్కలు మాత్రం మృగశిర వానలు పడ్డాకే కొనండి.