ఊరి ప్లాన్ బస్టాండ్ నుంచి మొదలవ్వాలి

బీదర్–కలబురగి మధ్య 110 కిలోమీటర్ల రైలు మార్గం 2017 అక్టోబరులో ప్రారంభమైంది. 2020 ఫిబ్రవరిలో బీదర్‌కు ప్రయాణికుల విమానాలూ వచ్చాయి. ఇక ఇళ్లు, కాలేజీలు, ఆస్పత్రులు ఎక్కడ రావాలో తేల్చేవాళ్లు కావాలి. లేదంటే భూమి చవగ్గా దొరికిన చోటల్లా లేఅవుట్లు వెలుస్తాయి. ఇళ్లు దూరదూరంగా ఉంటే బస్సు నిండదు, బస్సు రాకపోతే ఇంటికో బండి తప్పదు. మహానగరాలు ఈ తప్పును ఎంతో ఖర్చుపెట్టి దిద్దుకుంటున్నాయి. బీదర్ లాంటి ఊళ్లకు ముందే జాగ్రత్తపడే వీలుంది. అందుకే ప్రజా రవాణా చుట్టూ ఊరిని ప్లాన్ చేసే ట్రాన్సిట్ ప్లానర్ల అవసరం ఇక్కడే ఎక్కువ.

పని ఏమిటి?
కేంద్రం 2017లో తెచ్చిన ట్రాన్సిట్ ఆధారిత అభివృద్ధి విధానం ప్రకారం స్టేషన్‌ నుంచి 500–800 మీటర్లు, అంటే 10–12 నిమిషాల నడక దూరం కీలకం. ఆ పరిధిలో ఎన్ని అంతస్తులకు అనుమతివ్వాలి, ఇళ్లూ దుకాణాలూ ఎలా కలవాలి, ఫుట్‌పాత్ ఎంత వెడల్పుండాలి, పేదల ఇళ్లకు చోటెక్కడ అన్నవి ప్లానర్ తేల్చాలి.

ఏం చదవాలి?
గణితంతో ఇంటర్ లేదా పీయూసీ చదివినవారు జేఈఈ మెయిన్ పేపర్ 2బి రాసి, ఢిల్లీ, భోపాల్, విజయవాడల్లోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్పీఏ) సంస్థల్లో నాలుగేళ్ల బీప్లాన్‌లో చేరొచ్చు. సివిల్, ఆర్కిటెక్చర్ పట్టభద్రులకు గేట్ దారి ఉంది: ఢిల్లీ ఎస్పీఏలో ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్, సివిల్ వారికి వరంగల్ ఎన్ఐటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఎంటెక్ ఉన్నాయి.

ఉద్యోగాలెక్కడ?
కర్ణాటక పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ, నగరాభివృద్ధి ప్రాధికార సంస్థలు, బెంగళూరులోని పట్టణ భూరవాణా డైరెక్టరేట్ (డల్ట్), హైదరాబాద్‌లోని హెచ్‌ఎండీఏ, మెట్రో సంస్థలు, కన్సల్టెన్సీల్లో అవకాశాలుంటాయి. 371(జె) అధికరణ కింద, బీదర్ ఉన్న కళ్యాణ కర్ణాటక ప్రాంత స్థానికులకు రాష్ట్ర ప్రభుత్వ కొలువుల్లో రిజర్వేషన్ ఉంది. అర్హత పత్రం ముందే తీసుకోండి. బీదర్‌లోని తెలుగు విద్యార్థులు కన్నడ చదవడం, రాయడంలో పట్టు సాధించాలి.

ఇప్పుడే ఏం చేయొచ్చు?
ఉచితంగా దొరికే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకోండి. మీ బస్టాండ్ నుంచి నాలుగు వైపులా 800 మీటర్లు నడిచి, ఫుట్‌పాత్ ఎక్కడ తెగిందో, ముసలివాళ్లు రోడ్డు దాటలేనిది ఎక్కడో పటంలో గుర్తించండి. ఏ రూటుకు ఏ వేళ రద్దీ ఉంటుందో రాసుకోండి. ఆ పటాన్ని పురపాలక కార్యాలయంలో ఇచ్చి, ఒక ప్రతిని దగ్గర ఉంచుకోండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా చెప్పలేనిది అది చెబుతుంది: మీకు ఊరిని చదవడం వచ్చని.