పాత బండి వైరింగు: సామాను మార్చే ముందు ఎర్తు చూడండి

కోటబొమ్మాళి: పాలక్యానైనా, విత్తనాల బస్తా అయినా, మందు కొట్టే స్ప్రేయరైనా పల్లెల్లో మోటారుసైకిలు మీదే పొలానికి చేరుతోంది. 1985లో వచ్చిన హీరోహోండా సీడీ-100, 1994లో వచ్చిన స్ప్లెండర్ తరహా పాత బండ్లను రైతులు ఇంకా నడుపుతూనే ఉన్నారు. వీటికి ఇంజను ఒక పట్టాన మొరాయించదు. ఇబ్బందంతా వైరింగుతోనే. తెల్లవారుజామున కూరగాయలు వేసుకుని జాతీయ రహదారి ఎక్కినప్పుడు వెనక లైటు వెలగకపోతే, వచ్చే లారీ డ్రైవరుకు ముందు బండి ఉన్నట్టే తెలీదు. అందుకే ఇది ఖర్చు సంగతే కాదు, ప్రాణం సంగతి కూడా.

లైటు పోగానే చాలామంది బ్యాటరీ మార్చేస్తారు. అప్పటికీ వెలక్కపోతే ఆర్.ఆర్. యూనిట్, ఆ తర్వాత కాయిల్. ఇంతా చేశాక తేలేది తుప్పు పట్టిన ఎర్తు తీగో, వదులైన సాకెట్టో! ఖరీదైన సామాను జోలికి వెళ్లే ముందు వరసగా చూసుకుంటూ వస్తే చాలా తప్పులు ఇంటి దగ్గరే దొరుకుతాయి.

కరెంటుకు మూడు దారులు

సీడీ-100, స్ప్లెండర్ వంటి పాత బండ్లలో కరెంటు మూడు దారుల్లో నడుస్తుంది.

మొదటిది ప్లగ్గు నిప్పు. ఇది మాగ్నెట్ కాయిల్ నుంచి సీడీఐ పెట్టె మీదుగా వస్తుంది. దీనికి బ్యాటరీతో పని లేదు. అందుకే బ్యాటరీ చచ్చినా కిక్కు కొడితే బండి స్టార్ట్ అవుతుంది.

రెండోది హెడ్‌లైటు. ఇదీ మాగ్నెట్ నుంచే వస్తుంది. ఇంజను తిరిగితేనే వెలుగుతుంది, రేజ్ చేస్తే వెలుగు పెరుగుతుంది. హెడ్‌లైటు పోయిందని బ్యాటరీ మారిస్తే ఫలితం ఉండదు. బల్బులు తరచూ మాడిపోతుంటే రెగ్యులేటరునూ, దాని ఎర్తునూ అనుమానించాలి.

మూడోది బ్యాటరీ దారి. హారను, ఇండికేటర్లు, బ్రేకు లైటు దీని మీదే పనిచేస్తాయి. ఇవన్నీ ఒకేసారి పోతే ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు, తాళం సాకెట్ చూడాలి. ఒక్కటే పోతే దాని బల్బు, స్విచ్చి, ఎర్తు మాత్రమే చూడాలి. అన్నీ పోయాయా, ఒక్కటే పోయిందా అన్నది ముందుగా తేల్చుకుంటే సగం పని అయినట్టే.

తీగల రంగులు

ఈ బండ్లలో ఆకుపచ్చ తీగ ఎర్తు. ఎరుపుది బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. నలుపు తీగకు తాళం తిప్పాకే సప్లయి వస్తుంది. పసుపు తీగ లైటు కాయిల్‌ది. నలుపు మీద తెల్లగీత ఉన్నది ఇంజను ఆపే తీగ. ఎవరైనా మధ్యలో వేరే రంగు తీగ అతికి ఉంటే ఈ లెక్క తప్పుతుంది. కాబట్టి రంగును నమ్మి ఊరుకోకుండా టెస్ట్ లైటు పెట్టి చూసుకోవాలి.

టెస్ట్ లైటు ఇలా చేసుకోవాలి

12 వోల్టుల ఇండికేటర్ బల్బు, హోల్డరు, రెండు మూరల తీగలు ఉంటే చాలు. ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించి, రెండో కొసతో సప్లయి ఎంతవరకు వస్తోందో ఒక్కో సాకెట్ దగ్గరా చూసుకుంటూ వెళ్లాలి. వెలుగు ఎక్కడ ఆగిపోతే తప్పు దానికి ముందు ముక్కలో ఉన్నట్టు.

సప్లయి వస్తున్నా బల్బు వెలక్కపోతే ఎర్తు పరీక్ష చేయాలి. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక విడి తీగ తెచ్చి హోల్డరు ఒంటికి తాకించాలి. అప్పుడు వెలిగితే బల్బు మంచిదే, ఎర్తే లేదు. ఇండికేటరు వేసినప్పుడు వెనక లైటు కూడా సన్నగా మిణుకుమంటే అదీ ఎర్తు తప్పే. తీగ బిగించిన చోట రంగు, తుప్పు గరుకు కాగితంతో గీకి, బోల్టు గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు రాయాలి.

మన వైపు తీరం దగ్గర. ఉప్పుగాలికి సాకెట్లలో పచ్చటి చిలుము త్వరగా పడుతుంది. ధాన్యం బస్తాల పక్కన బండి పెడితే ఎలుకలు తీగలు కొరుకుతాయి. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర, ట్యాంకు కింద, వెనక మడ్‌గార్డు లోపల తీగలు ఒరుసుకుపోతాయి. ముందు ఈ చోట్లే వెతకాలి.

ఫ్యూజు పదేపదే పోతుంటే

పోయిన ఫ్యూజు తీసేసి, ఆ రెండు కొసల మధ్య టెస్ట్ లైటు పెట్టాలి. తాళం ఆపి ఉన్నా అది వెలిగితే తప్పు ఎరుపు తీగలోనో, ఆర్.ఆర్. యూనిట్‌లోనో ఉంది. యూనిట్ సాకెట్ పీకి చూస్తే ఏదో తెలిసిపోతుంది. తాళం తిప్పాకే వెలిగితే తప్పు నలుపు తీగ దారిలో ఉంది. ఈ పరీక్షకు బండి గేరులో ఉండాలి, లేకుంటే న్యూట్రల్ దీపం వల్ల టెస్ట్ లైటు సన్నగా వెలుగుతుంది. ఇప్పుడు హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూ, తీగలు కదుపుతూ రావాలి. ఎక్కడ కదిపితే టెస్ట్ లైటు ఆరిపోతుందో అక్కడే తీగ బాడీకి తగులుతోంది.

ఫ్యూజు బదులు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమో, రాగి తీగో ఎప్పుడూ చుట్టకూడదు. అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, పెట్రోలు ట్యాంకు కింద ఉన్న వైరింగు.

వానలో తడిసి స్టార్ట్ కాకపోతే

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఈ ప్రాంతం ఎంత తడిసిందో అందరికీ గుర్తే. అలా తడిసిన బండికి ముందు ప్లగ్గు క్యాప్ ఆరబెట్టాలి. అయినా నిప్పు రాకపోతే తాళం దగ్గర నలుపు-తెలుపు తీగ సాకెట్ విప్పి కిక్కు కొట్టాలి. నిప్పు వస్తే తాళంలో నీరు చేరినట్టు. అయితే తీగ విప్పాక తాళం తిప్పినా ఇంజను ఆగదు. బ్రేకు పట్టి, గేరులో పెట్టి, క్లచ్ వదిలి ఆపాలి. నిప్పు చూసేటప్పుడు ప్లగ్గును ఇంజనుకు ఆనించే ఉంచాలి. చేత్తో పట్టుకోరాదు. దగ్గర్లో పెట్రోలు ఉండరాదు.

బ్యాటరీ విషయంలో

12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఛార్జి అయి కాసేపు ఆగాక మీటరులో 12.6 వోల్టుల పైన చూపాలి. ఇంజను ఓ మాదిరి వేగంలో ఉంటే 13.5 దాటాలి. పెరగకపోతే ఛార్జింగు లేదు. 15 దాటితే రెగ్యులేటరు చూపించాలి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. టెర్మినళ్ల మీద తెల్లపొడి పడితే వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరాక వాజలైన్ రాయాలి. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీరు, యాసిడ్ పోయరాదు.

ఇవి చేయొద్దు

- తీగలు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయొద్దు. టంకం వేసి స్లీవు తొడగాలి.
- 35 వాట్ల హెడ్‌లైటు ఉన్న బండికి అంతకంటే పెద్ద బల్బు వేయొద్దు. మాగ్నెట్ అంత కరెంటు ఇవ్వలేదు, స్విచ్చి కాలుతుంది.
- సెల్‌ఫోన్ ఛార్జరును ఎరుపు తీగకు కలపొద్దు. తాళం తీసినా బ్యాటరీ దిగిపోతుంది.
- 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 బండ్లకు ఈ పద్ధతులు పనికిరావు. వాటిలో కంప్యూటర్ ఉంటుంది, టెస్ట్ లైటు పెడితే పాడవుతుంది.

ఖరీఫ్ పనులు ముదరక ముందే ఒక పూట బండి సీటు, పక్క మూతలు విప్పి ఎర్తు బోల్టులు, సాకెట్లు శుభ్రం చేసుకుంటే మంచిది. పొద్దుపోయాక బండి తీసే ముందు బ్రేకు తొక్కి వెనక లైటు వెలుగుతోందో లేదో ఒకసారి చూసుకోండి.