వదిలేసిన చేప బతుకుతుందా? లోతు, పీడనం నేర్పే పాఠం

అండమాన్ దీవుల్లో శని, ఆదివారాల్లో పడవ మాట్లాడుకుని, దగ్గరి దీవుల చుట్టూ గేలాలు వేయడానికి వెళ్లేవారున్నారు. వీరిలో కొందరు తినడం కోసం కాకుండా సరదా కోసమే చేపను పడతారు. ఫొటో దిగి మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. చేప ప్రాణానికి ఏ హానీ చేయలేదని తృప్తి పడతారు. నిజంగా హాని జరగలేదా? అది చాలావరకు ఆ చేప ఎంత లోతు నుంచి పైకి వచ్చిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

దీవుల దగ్గరే ఎందుకు?

మయన్మార్‌లోని అరకాన్ యోమా పర్వతశ్రేణి దక్షిణంగా సముద్రంలోకి సాగింది. నీటిపైకి కనిపించే దాని శిఖరాలే అండమాన్ దీవులు. అందుకే ఇక్కడ చాలాచోట్ల తీరం దాటిన కొద్ది దూరంలోనే అడుగు లోతుగా దిగిపోతుంది. సముద్ర ప్రవాహాలు ఈ వాలును తాకినప్పుడు అడుగునున్న పోషకాలు పైకి రాగలవు. వాటితో సూక్ష్మజీవులైన ప్లవకాలు పెరుగుతాయి. వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు చేరతాయి. పగడపు దిబ్బల అంచుల్లో గ్రూపర్, స్నాపర్ వంటి చేపలు మాటు వేసి ఉంటాయి. గంట ప్రయాణంలోనే 40, 50 మీటర్ల లోతుకు గేలం దింపవచ్చు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

చేప కడుపులో గాలితిత్తి

చేప కండ, ఎముకలు నీటికన్నా బరువైనవి. మునిగిపోకుండా, ఈదే శ్రమ లేకుండా ఒకే లోతున నిలవడానికి చాలా చేపలకు శరీరంలో ఒక గాలితిత్తి ఉంటుంది. సముద్ర చేపల్లో ఇది సాధారణంగా శరీర పరిమాణంలో 5 శాతం దాకా ఉంటుంది. గ్రూపర్, స్నాపర్‌లలో ఈ తిత్తి నుంచి నోటికి దారి లేదు. వాయువు రక్తం ద్వారానే లోపలికి చేరాలి, రక్తం ద్వారానే బయటికి పోవాలి. అందుకు గంటలు పడుతుంది.

గేలం మాత్రం ఒకటి రెండు నిమిషాల్లో చేపను పైకి లాగేస్తుంది.

1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రం ఇక్కడ పనిచేస్తుంది. ఉష్ణోగ్రత మారనప్పుడు, పీడనం ఎన్ని రెట్లు తగ్గితే వాయువు పరిమాణం అన్ని రెట్లు పెరుగుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు పీడనం సుమారు ఒక అట్మాస్ఫియర్ చొప్పున పెరుగుతుంది. ఉపరితలం మీద 1, 10 మీటర్ల లోతున 2, 40 మీటర్ల లోతున 5 అట్మాస్ఫియర్లు. అంటే 40 మీటర్ల నుంచి పైకి వచ్చిన చేపలో వాయువు ఐదు రెట్లవుతుంది. 5 శాతం ఉన్నది 25 శాతం కావాలి. అంత చోటు కడుపులో ఎక్కడిది? తిత్తి చిరిగిపోవచ్చు. జీర్ణాశయం నోటి నుంచి బయటికి తోసుకువస్తుంది, కళ్లు ఉబ్బుతాయి. దీన్నే బారోట్రామా, అంటే పీడన గాయం అంటారు.

ఇంకో సంగతి గమనించండి. 40 నుంచి 30 మీటర్లకు వస్తే వాయువు 25 శాతమే పెరుగుతుంది. చివరి 10 మీటర్లలో మాత్రం రెట్టింపు అవుతుంది. ఇలా ఉబ్బిన చేపను వదిలితే అది కిందికి దిగలేక వెల్లకిలా తేలుతుంది. పక్షులకు, సొరచేపలకు సులువుగా దొరికిపోతుంది.

అన్ని చేపలకూ ఒకే ముప్పు కాదు

వంజరానికి, సూర చేపల్లో ఒకటైన స్కిప్‌జాక్‌కు గాలితిత్తి లేదు. సొరచేపలకూ లేదు. వీటికి ఈ గాయం కాదు. అలసట, గేలపు గాయం, నీటి బయట ఎక్కువసేపు ఉంచడం వీటికి ప్రమాదం.

ఏం చేయవచ్చు?

• నోటి నుంచి బయటికి వచ్చిన జీర్ణాశయాన్ని గాలితిత్తి అనుకుని పొడవకూడదు. లోపలికి నెట్టకూడదు.
• బరువు కట్టిన క్లిప్పును చేప కింది దవడకు తగిలించి, లోతుకు దింపి వదలాలి. పది మీటర్లు దింపినా వాయువు సగానికి కుంచించుకుపోతుంది. అమెరికా అధీనంలోని మెక్సికో సింధుశాఖ జలాల్లో రీఫ్ చేపలు పట్టేవారు ఇలాంటి సాధనమైనా, వాయువును బయటికి తీసే సూదిలాంటి సాధనమైనా సిద్ధంగా ఉంచుకోవాలని 2022లో అమల్లోకి వచ్చిన చట్టం చెప్పింది.
• ఇలా దింపినా అన్నీ బతకవు. కాబట్టి వదిలేయాలనుకుంటే లోతుల్లో గేలం వేయకపోవడమే మేలు.
• వండూర్ దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు వంటి రక్షిత ప్రాంతాల్లో చేపలు పట్టడం నిషిద్ధం.

గ్రూపర్లు నెమ్మదిగా పెరుగుతాయి. వీటిలో అనేక జాతులు ఆడ చేపలుగా మొదలై, పెద్దయ్యాక కొన్ని మగవిగా మారతాయి. పెద్ద చేపలు పోతే మగవి కరువై సంతతే తగ్గిపోవచ్చు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన మత్స్యకార కుటుంబాలతో సహా ఎందరో ఈ సముద్రం మీదే బతుకుతున్నారు. సరదా కోసం పట్టి వదిలిన చేప చనిపోతే ఆ నష్టం వారిది కూడా.

చేసి చూడండి

సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజిలో కొద్దిగా గాలి నింపి ముడివేసిన చిన్న బెలూన్ ముక్కను ఉంచండి. పిస్టన్‌ను 10 దగ్గర నిలిపి, మొనను వేలితో గట్టిగా మూసి, 20 దాకా లాగండి. లోపలి పీడనం సగమవుతుంది, బెలూన్ ఉబ్బుతుంది. చేప చివరి 10 మీటర్లు పైకి వచ్చేటప్పుడు పీడనంలో జరిగే మార్పు ఇంతే.