విశాఖ తర్వాత ఏ ఊరు? ఈ నెల ఇంట్లో చేయించాల్సిన డిబేట్



ఈ నెల సోషల్ పాఠానికి అనుబంధంగా మీ ఇంట్లో ఒక డిబేట్ పెట్టమని కోరుతున్నాం. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు పిల్లలెవరైనా పాల్గొనవచ్చు. అంశం ఇదీ: "ఉత్తరాంధ్రలో మొదటి నగరం విశాఖపట్నం. మరి రెండోది ఏది? విజయనగరమా, శ్రీకాకుళమా?"

నెల్లిమర్లలో ఈ ప్రశ్న వేస్తే చాలామంది ఆలోచించకుండానే "విజయనగరం" అంటారు. పెళ్లి బట్టలు కొనాలన్నా, కలెక్టరాఫీసులో పనున్నా మనం ముందు వెళ్లేది అక్కడికే. కానీ అమ్మ పుట్టిల్లు ఆమదాలవలసో, నరసన్నపేటో అయిన ఇళ్లూ మనలో ఉన్నాయి. "ఏటి, మా సిక్కోలు తక్కువా?" అని అమ్మమ్మ ఒక్క మాట అంటే చాలు, చర్చ మొదలైపోతుంది. అది గొడవగా కాకుండా పాఠంగా మారేలా చూడడమే పెద్దవాళ్లుగా మన పని. అందుకు మూడు మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు: మాటకు అర్థం తేల్చుకోవడం

మనం పోలుస్తున్నది ఊళ్లనా, జిల్లాలనా? పెద్దవాళ్లు కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం విజయనగరం పట్టణంలో సుమారు 2 లక్షల 28 వేల మంది, శ్రీకాకుళం పట్టణంలో సుమారు 1 లక్షా 26 వేల మంది ఉన్నారు. ఊరికి ఊరు పోలిస్తే విజయనగరమే పెద్దది. అదే 2011లో జిల్లాలు చూస్తే శ్రీకాకుళం జిల్లాలో సుమారు 27 లక్షలు, విజయనగరం జిల్లాలో సుమారు 23 లక్షల 44 వేలు. జవాబు తలకిందులైంది.

ఇంకో జాగ్రత్త కూడా నేర్పాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పార్వతీపురం మన్యం కొత్త జిల్లా అయింది. రాజాం వంటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. కాబట్టి 2011 లెక్కను ఈనాటి మ్యాపు మీద ఉన్నదున్నట్టుగా పెట్టకూడదు. ఏ సంవత్సరం లెక్కో చెప్పని అంకెను డిబేట్‌లో ఒప్పుకోవద్దు.

రెండో మెట్టు: కొలత ఎంచుకోవడం

ఊరి ప్రాముఖ్యాన్ని దేనితో కొలవాలి? జనాభా, చదువు, రైలు, పాలన, సంస్కృతి, ఇలా చాలా కొలతలున్నాయి. వాటిలో మూడింటిని ఎంచుకుని ముందే కాగితం మీద రాయించండి. మధ్యలో కొలత మార్చకూడదన్నది నియమం.

విజయనగరం పక్షాన మాట్లాడేవాళ్లకు కొన్ని ఆధారాలు: 1879 నాటికే ఇక్కడ మహారాజా కాలేజీ ఉంది. 1919లో మొదలైన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ఘంటసాల చదువుకున్నది అక్కడే. గురజాడ అప్పారావు జీవితం గడిచిన ఊరు ఇది. హౌరా–చెన్నై లైను మీద ఉండడమే కాక, రాయపూర్ వైపు లైను విడిపోయే జంక్షన్ కూడా ఇదే.

శ్రీకాకుళం పక్షానికీ గట్టి ఆధారాలే ఉన్నాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. విజయనగరం జిల్లా వచ్చింది 1979 జూన్ 1న. అంటే పాలనలో శ్రీకాకుళం 29 ఏళ్లు ముందు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా ముందు అక్కడే వచ్చింది. విజయనగరంలో 2023లో మొదలైంది. శ్రీకాకుళం పక్కనే ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. అరసవల్లి సూర్యదేవాలయానికి దూరప్రాంతాల నుంచి భక్తులు వస్తారు.

మూడో మెట్టు: ఎదుటివారి బలాన్ని ఒప్పుకుని జవాబు చెప్పడం

పిల్లలకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. "నువ్వు చెప్పింది తప్పు" అనడం తేలిక. "నువ్వు చెప్పింది నిజమే, అయినా..." అనడానికి ఆలోచన కావాలి. ఉదాహరణకు: "శ్రీకాకుళం ముందు జిల్లా కేంద్రమైన మాట నిజమే. అయినా శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. మెయిన్ లైను రైలు దిగినవాళ్లు మళ్లీ బస్సో ఆటోనో ఎక్కాలి. ప్రయాణ సౌకర్యాన్ని కొలతగా తీసుకుంటే విజయనగరమే ముందు." ఇందులో ఒప్పుకోలు ఉంది, ఆధారం ఉంది, కొలత పేరూ ఉంది. మీ పిల్లలు ఇలాంటి జవాబు ఒక్కటి చెప్పగలిగినా ఈ నెల పాఠం వచ్చినట్టే.

అమెరికాలోనూ ఇదే వాదన

అమెరికాలో అతి పెద్ద నగరం న్యూయార్క్. రెండోది ఏదన్న దగ్గరే పేచీ. 1890 లెక్కల్లో షికాగో ఫిలడెల్ఫియాను దాటి రెండో స్థానానికి వచ్చింది. 1990 లెక్కల నాటికి ఆ స్థానం లాస్ ఏంజెలెస్‌ది. 2020లో లాస్ ఏంజెలెస్ జనాభా సుమారు 39 లక్షలు, షికాగో సుమారు 27 లక్షలు. అదే 2020లో వాషింగ్టన్‌లో 7 లక్షల మంది కూడా లేరు. కానీ దేశాధ్యక్షుడు, పార్లమెంటు, సుప్రీంకోర్టు అన్నీ అక్కడే. అధికారమే కొలతైతే రెండోది కాదు, మొదటిదే అనొచ్చు. ఇక కొడుకో కూతురో డల్లాస్‌లో ఉన్న తెలుగు ఇంట్లో అడిగితే వాళ్ల జవాబు డల్లాస్ కావచ్చు!

అది నవ్వుకునే మాటే అయినా అందులో ఒక నిజం ఉంది. ప్రాముఖ్యం అడిగే మనిషిని బట్టి కూడా మారుతుంది. ఊరికి ఊరు పోల్చితే జనాభాలోనూ రైలు సౌకర్యంలోనూ విజయనగరం ముందుందనే మేమూ అంటాం. కానీ టెక్కలి రైతుకు జిల్లా ఆఫీసు పని పడితే వెళ్లే ఊరు శ్రీకాకుళం. ఇచ్ఛాపురం వాళ్లకు దగ్గర్లోని పెద్ద ఊరు ఒడిశాలోని బరంపురం. వాళ్ల జవాబును తప్పనలేం.

మార్కుల కాగితం దగ్గర కూడా

మన ఇళ్లలో "రెండు" అనే అంకెకు విలువ తక్కువ. సెకండ్ ర్యాంకు వచ్చిందనగానే "ఫస్ట్ ఎవరికొచ్చింది?" అని అడిగేస్తాం. ఈ డిబేట్ చేసిన పిల్లలు "ఏ కొలతతో, నాన్నా?" అని ఎదురు ప్రశ్న వేయవచ్చు. దాన్ని ఎదురు చెప్పడంగా తీసుకోకండి. మూడు గంటల పరీక్షలో వచ్చిన మార్కులు ఒక కొలత. అది అవసరమైనదే. కానీ తెలియనిది ధైర్యంగా అడగడం, చెల్లికి లెక్క ఓపికగా చెప్పడం, ఎదుటివారి మాట పూర్తిగా వినడం ఆ కొలతకు అందవు. వాటిని చూడవలసింది ఇంట్లో మనమే.

ఎలా చేయించాలి?

ఒక ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు చాలు. టీవీ, ఫోను పక్కన పెట్టండి. ఒక్కో పక్షానికి మూడేసి నిమిషాలు ఇచ్చి, తర్వాత పక్షాలు మార్చండి. విజయనగరం తరఫున మాట్లాడిన పిల్లవాడు ఈసారి శ్రీకాకుళం తరఫున మాట్లాడాలి. తీర్పు చెప్పే పని తాతయ్యకో అమ్మమ్మకో అప్పగించండి. ఎవరు గెలిచారని కాకుండా, ఎవరి ఆధారం బాగుందో చెప్పమనండి.

చివరగా పిల్లలచేత డైరీలో రెండే వాక్యాలు రాయించి పంపండి: "ఎదుటి పక్షం చెప్పినవాటిలో నాకు నచ్చిన పాయింటు ఏమిటి? ఎందుకు?" వాటిని క్లాసులో చదివిస్తాం.