విద్యుత్ గిటారు ధ్వనిముద్రణము: స్పీకరును, మైకును ఎన్నుకొనుట

2007 మార్చి 17వ తేదీన ఐరన్ మెయిడెన్ బృందమును, 2011 అక్టోబరు 30వ తేదీన మెటాలికా బృందమును బెంగుళూరు ప్యాలెస్ మైదానమున కచేరీలు చేసినవి. హోసూరునకు ఆ నగరము సుమారు 40 కిలోమీటర్ల దూరమే గదా! కావున సామల్పట్టి వంటి ఊళ్లలోని మన బాలబాలికలకును హెవీ మెటల్ అను ఈ బిగ్గర సంగీతముపై మక్కువ కలుగుటలో వింత లేదు. నాలుగు స్పీకర్ల పెట్టె కొనిపెట్టుమని బిడ్డ పట్టుపట్టినపుడు తల్లిదండ్రులు కోపింపక, అది దేనికో ముందు తెలిసికొనుట మేలు.

ఇంటిలో పాటలు వినెడి స్పీకరు ఉన్న నాదమును ఉన్నట్లు వినిపింపవలెను. గిటారు స్పీకరు పని అది కాదు. వీణకు పనస కుండ ఎట్టిదో గిటారుకు స్పీకరు అట్టిది. అది వాద్యములో భాగము. ఆంప్లిఫయరు నాదమును చీల్చి గరగర పుట్టించునపుడు అనేక ఉపస్వరములు పైకి లేచును. 12 అంగుళముల కాగితపు శంకువు సెకనుకు 5000 కంపనములు దాటిన నాదమును వేగముగా అణచివేయును. స్పీకరు లేకుండ ఆ నాదమును నేరుగా ముద్రించినచో తేనెటీగల రొదవలె నుండును.

ఇంగ్లండునందలి సెలెస్టియన్ కంపెనీవారి రెండు స్పీకర్లు ఈ సంగీతమున ప్రసిద్ధములు. గ్రీన్‌బ్యాక్ 25 వాట్లది. దాని నాదము మెత్తనిది. 1986లో వచ్చిన వింటేజ్ 30, పేరున 30 ఉన్నను, 60 వాట్లది. 2000 కంపనముల పైభాగమున దాని నాదము ఉబ్బియుండును గనుక డ్రమ్ముల నడుమ గిటారు స్పష్టముగా తేలును. వాట్లనగా ఓర్పేగాని బిగ్గరతనము కాదు. ఆంప్లిఫయరుపై వ్రాసిన ఓములకు పెట్టె ఓములు సరిపోవలెను. వాల్వుల యంత్రమైనచో ఈ తప్పునకు మూల్యము చాల హెచ్చు.

నాలుగు స్పీకర్ల పెట్టె వేదికకు శోభ. ముద్రణకు మాత్రము ఒక్కటి చాలును. దగ్గర నుంచిన మైకు తన యెదుటి స్పీకరునే ప్రధానముగా వినును. ఈ ఒక్క మాట గ్రహించినచో కొనుగోలులో పెద్ద మొత్తమే మిగులును.

మైకు విషయమున చర్చ అక్కరలేదు. 1965లో షూర్ కంపెనీవారు తెచ్చిన ఎస్ఎమ్ 57 నేటికిని ఈ పనికి చక్కగా సరిపోవును. దానికి వేరు విద్యుత్తు అక్కరలేదు. పెద్ద శబ్దమునకు బెదరదు. రిబ్బను మైకు నాదము ఇంపైనదే గాని సుకుమారమైనది, బాలుర చేతికి తగదు. మైకును మార్చుటకంటె దాని స్థానమును మార్చుట ముఖ్యము. శంకువు నడిబొడ్డున నిలిపినచో నాదము పదునెక్కును. అంచువైపు ఒక్క అంగుళము జరిపినచో మెత్తబడును. మరీ చేరువకు తెచ్చినచో మంద్రము పెరుగును. రెండు మైకులు కోరువారొకటి ఎరుగవలెను: ఒకటి రెండవదానికంటె 17 సెంటీమీటర్లు వెనుకనున్నచో, రెంటిని కలిపినపుడు 1000 కంపనముల నాదము దాదాపు అణగిపోవును. మొదట ఒక్కటే చాలును.

సామల్పట్టి మీదుగా జోలార్‌పేట–సేలము రైళ్లు పోవుచుండును. గాత్రముద్రణకు అది చిక్కేగాని, స్పీకరు నోటికడనున్న మైకునకు కాదు. అసలు చిక్కు చెవులది. 85 డెసిబెల్లుల శబ్దమును దినమునకు 8 గంటలకు మించి వినరాదని ఆరోగ్యశాస్త్రజ్ఞుల ప్రమాణము. ప్రతి 3 డెసిబెల్లులకును ఆ కాలము సగమగును. 100 వద్ద 15 నిమిషములే. చిన్న గదిలో గిటారు పెట్టె ఆ హద్దును సులభముగా దాటును. పోయిన వినికిడి తిరిగి రాదు. కావున పెట్టె ఒక గదిలో, బిడ్డ వేరొక గదిలో ఉండి ముద్రింపవలెను. లేదా పెట్టెయొక్క గుణమును అనుకరించు కంప్యూటరు సాధనముతో మొదటి సంవత్సరము గడుపవలెను. నా మతమున రెండవదే మేలు.

ఇక మన భాష మాట. హల్లుల స్పష్టత ఎక్కువగా 2000, 4000 కంపనముల నడుమనే యుండును. గిటారు పదునును అచ్చటనే. బిడ్డ తెలుగున పాట కట్టి పాడినచో, మైకు నడిబొడ్డున నుండుటచే ఆ మాటలన్నియు గిటారు పాలగును. కొనిన వస్తువులు మంచివే, పాడిన కంఠము మంచిదే, వినువారికి మాత్రము అది ఏ భాషయో తెలియదు! అట్టిచోట మైకును అంచువైపు జరుపవలెను. ముద్రించిన పాటను, సాహిత్యమెరుగని తాతగారికో అమ్మమ్మగారికో తక్కువ శబ్దముతో వినిపించి, వినబడిన మాటలను చెప్పుమని బిడ్డచేత వ్రాయింపుడు. తప్పిన మాటలు అనేకమైనచో మైకును మరియొక అంగుళము జరిపి, మరల ముద్రింపవలెను.