బిల్లు లేని కరెంటుకూ లెక్క ఉంది

అల్లాహ్ ప్రసాదించిన ప్రతి అనుగ్రహం గురించీ ప్రళయదినాన ప్రశ్నించడం జరుగుతుందని తకాసుర్ సూరా చివరి ఆయత్ హెచ్చరిస్తోంది (102:8). ఈ ఆయత్ చదివినప్పుడు మనకు అన్నం, నీళ్ళు, ఆరోగ్యం గుర్తుకొస్తాయి. స్విచ్ నొక్కగానే వచ్చే కరెంటు మాత్రం గుర్తుకు రాదు.

ఎవరూ లేని గదిలో ఫ్యాను ఎందుకు తిరుగుతోందని అడిగితే సాధారణంగా వినిపించే జవాబులు రెండు. "మా బిల్లు మేము కట్టుకుంటున్నాం కదా!" అన్నది ఒకటి. రెండోది కొత్తది. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి పథకం కింద, నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు జీరో బిల్లు ఇవ్వడం మొదలైంది. అప్పటి నుంచి "బిల్లే రాదు కదా, ఆపితే ఏమిటి, ఆపకపోతే ఏమిటి?" అనేవారూ తయారయ్యారు.

తినండి, త్రాగండి, కాని మితిమీరకండి అన్న దైవాజ్ఞలో (7:31) ధనికులకు మినహాయింపు లేదు. దుబారా చేసేవారిని ఖుర్ఆన్ షైతాను సోదరులుగా పేర్కొంది (17:27). డబ్బు ఎవరిదన్న ప్రశ్న అక్కడ లేదు. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ముద్ అంటే మనిషి రెండు అరచేతులు కలిపితే పట్టేంత కొలత. వుజూలో కూడా దుబారా ఉంటుందా అని హజ్రత్ సాద్ (రజి) అడిగితే, పారే నది ఒడ్డున ఉన్నా సరే ఉంటుందని ఆయన (స) జవాబిచ్చినట్లు ఇబ్నె మాజాలో ఒక ఉల్లేఖనం ఉంది. దీని పరంపరలో బలహీనత ఉందని కొందరు హదీసు పండితులు అన్నారు. అయినా భావం ఖుర్ఆన్ బోధనకు అనుగుణంగానే ఉంది. నదికి బిల్లు లేదు, నీళ్ళు తరిగిపోవు. అయినా అది దుబారాయే!

ఇక జీరో బిల్లు సంగతి. ఆ కరెంటుకు ఖర్చు లేదని కాదు, మన బదులు ప్రభుత్వం ప్రజల సొమ్ములోంచి కడుతోందని అర్థం. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) ప్రజల పని చూసేటప్పుడు బైతుల్ మాల్ దీపం వాడి, సొంత విషయం మాట్లాడవలసి వస్తే దాన్ని ఆర్పి తన దీపం వెలిగించుకునేవారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. ఉచిత కరెంటు వాడుకోవడం తప్పు కాదు, అది మనకిచ్చిన హక్కు. పారబోసే హక్కు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. కొత్తగూడెంలోనో, రామగుండంలోనో ఒక్క యూనిట్ తయారు కావాలంటే అర కిలోకు పైగా బొగ్గు మండాలి.

వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ఈ లెక్క పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి. రెండు వేల వాట్ల గీజరు అరగంటలోనే యూనిట్ మింగేస్తుంది. ఫజర్ కు ముందు గీజరు వేసి, నమాజు, తిలావత్, టీ అన్నీ అయ్యాక స్నానానికి వెళ్ళే ఇళ్ళు ఎన్నో! ఈలోగా వేడి చల్లారుతుంది, గీజరు మళ్ళీ అంటుకుంటుంది. స్నానానికి పావుగంట ముందు వేసుకుంటే చాలు. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు. ఖాళీ గదిలో పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. పాత పెట్టె రెగ్యులేటరు ఉంటే వేగం తగ్గించినా పెద్దగా కలిసిరాదు, మిగిలిన కరెంటు ఆ పెట్టెలోనే వేడిగా పోతుంది. ట్యాంకు నిండి పొర్లే వరకు మోటారు ఆపకపోతే ఒకే తప్పులో రెండు అనుగ్రహాలు వృధా. ఒక్క చొక్కా కోసం రోజూ ఇస్త్రీపెట్టె వేడిచేయడం, వేడి కూర గిన్నెను అలాగే ఫ్రిజ్ లో పెట్టడం, ఏసీని 18లో పెట్టి దుప్పటి కప్పుకోవడం కూడా ఈ కోవలోనివే. కొందరు ఫోన్ చార్జరును మాత్రం జాగ్రత్తగా పీకేస్తారు. మంచిదే, కాని ఖాళీ చార్జరు తాగేది బహు స్వల్పం. చూపు ముందు గీజరు మీద ఉండాలి.

పొదుపు పేరుతో పిసినారితనమూ తగదు. విశ్వాసుల ఖర్చు ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటుందని ఖుర్ఆన్ వర్ణించింది (25:67). మండుటెండలో ముసలితల్లి గదిలో ఫ్యాను ఆపేసి యూనిట్లు మిగిలాయని సంతోషించడం ఏ ధర్మం?

నిద్రపోయే ముందు దీపాలు ఆర్పమన్న హదీసు ప్రకారం రాత్రి చిన్న బల్బు కూడా ఉంచకూడదా అని కొందరు అడుగుతుంటారు. ఆ ఆదేశానికి కారణం హదీసులోనే ఉంది. ఎలుక వత్తిని లాక్కెళ్ళి ఇల్లు తగలబెట్టే ప్రమాదం ఉంది. ఆ భయం లేనిచోట దీపం ఉంచవచ్చునని ఇమామ్ నవవీ (రహ్మలై) వివరించారు. కనుక చీకట్లో లేచే వృద్ధుల కోసం, పిల్లల కోసం అర వాట్ ఎల్ఈడీ బల్బు నిశ్చింతగా వెలిగించుకోండి. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున అది ఒక యూనిట్ ఖర్చు చేయడానికి 250 రాత్రులు పడుతుంది.