జ్ఞానస్నానం పొందకుండా మరణిస్తే రక్షణ ఉందా?



మన విచారణల్లో రెండు రకాల కుటుంబాలు కనిపిస్తుంటాయి. పుట్టిన కొద్ది గంటలకే బిడ్డను పోగొట్టుకొని, "నా బిడ్డకు జ్ఞానస్నానం అందలేదు, మోక్షం ఉంటుందా?" అని కుమిలిపోయే తల్లి ఒక ఇంట. "దేవుడు దయామయుడే గదా! చుట్టాలందరూ వచ్చాక, విందుకు డబ్బు సమకూరాక చూద్దాం" అని ఏడాది దాటినా బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించని తండ్రి మరో ఇంట. ఈ ఇద్దరికీ శ్రీసభ బోధన ఒక్కటే. అది ఆమెకు ఓదార్పు, అతనికి హెచ్చరిక.

నీటివలన, ఆత్మవలన తిరిగి జన్మించనిదే దైవరాజ్య ప్రవేశం లేదని ప్రభువు నికోదేముకు బోధించారు (యోహాను 3:5). సకల జాతులకూ జ్ఞానస్నానమివ్వమని శిష్యులను పంపారు (మత్తయి 28:19). కనుక ఇది ఇష్టమైతే పాటించి, లేకుంటే మానుకొనే ఆచారం కాదు. సువార్త విని, ఈ దివ్య సంస్కారాన్ని కోరగల అవకాశం ఉన్నవారికి ఇది రక్షణకు అవసరం.

మరి కోరి కూడా పొందకముందే మరణించినవారి సంగతేమిటి? క్రీ.శ. 392లో రోము చక్రవర్తి రెండవ వాలెంతీనియను చిన్న వయస్సులోనే మరణించాడు. జ్ఞానస్నానమిమ్మని మిలాను పీఠాధిపతి పునీత అంబ్రోసు వారికి కబురంపాడు గాని, వారు చేరేలోగానే ప్రాణం పోయింది. అంబ్రోసు వారు సంస్మరణ ప్రసంగంలో అతని అక్కచెల్లెళ్ళను ఓదార్చారు. వేదసాక్షులను వారి రక్తమే శుద్ధి చేసినట్లు, ఇతనిని ఇతని భక్తి, కోరిక శుద్ధి చేశాయని వివరించారు. దీనినే మనం ఆశ జ్ఞానస్నానం అంటున్నాం. 1547లో త్రెంతు మహాసభ కూడా జ్ఞానస్నానంతోపాటు దానిని పొందాలనే కోరికను పేర్కొన్నది. తమ తప్పు లేకుండా సువార్తను ఎరుగక, చిత్తశుద్ధితో దేవుని వెదకేవారు కూడా రక్షణ పొందగలరని 1964లో రెండవ వాటికన్ మహాసభ బోధించింది. సంస్కారాలు మనల్ని కట్టివేస్తాయి గాని దేవుని చేతులను కట్టివేయవు.

"అయితే నీరెందుకు?" అంటారా? కొర్నేలి ఇంట పేతురు ఇంకా బోధిస్తుండగానే పవిత్రాత్మ దిగివచ్చారు. ఆత్మ వచ్చారు కదా, ఇక నీరెందుకని పేతురు అనలేదు. వెంటనే వారికి జ్ఞానస్నానం ఇప్పించారు (అపోస్తలుల కార్యములు 10:44-48). నిజమైన కోరిక నీటి దగ్గరకే నడిపిస్తుంది. వీలుండీ వాయిదా వేసేవారు ఆశ జ్ఞానస్నానాన్ని సాకుగా చెప్పుకోరాదు.

ఇక పసిబిడ్డల మాట. 'లింబో' అనే స్థితిని గురించి మన పెద్దలు చెప్పేవారు. అది వేదశాస్త్రుల అభిప్రాయమేగాని, శ్రీసభ దానిని విశ్వాస సత్యంగా ఎన్నడూ ప్రకటించలేదు. అటువంటి బిడ్డలు రక్షణ పొందుతారని నిరీక్షించడానికి బలమైన కారణాలున్నాయని 2007లో అంతర్జాతీయ వేదశాస్త్ర సంఘం వివరించింది. తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించదలచిన బిడ్డ ముందే మరణిస్తే, పీఠాధిపతి అనుమతితో శ్రీసభ అంత్యక్రియలు జరపవచ్చునని 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం చెబుతున్నది. కనుక తల్లులారా, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. చిన్నబిడ్డలను తన దగ్గరకు రానిమ్మన్న ప్రభువు చేతికి మీ బిడ్డను అప్పగించండి.

తండ్రులారా, బిడ్డ పుట్టిన మొదటి వారాల్లోనే జ్ఞానస్నానం ఇప్పించాలని అదే ధర్మశాస్త్రం కోరుతున్నది. విందు తరువాతైనా చేసుకోవచ్చు. బిడ్డ ప్రాణాపాయంలో ఉండి గురువు అందుబాటులో లేకుంటే ఎవరైనా జ్ఞానస్నానమివ్వవచ్చు. శ్రీసభ ఉద్దేశంతో ఇస్తే, క్రైస్తవురాలు కాని నర్సమ్మ ఇచ్చినా చెల్లుతుంది. బిడ్డ తలపై మూడుసార్లు నీరు పోస్తూ, పేరు పెట్టి, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అని పలకాలి. తరువాత విచారణ గురువుకు తెలిపి, రిజిస్టరులో వ్రాయించాలి. ఈ నాలుగు మాటలు ఇంట్లో అందరూ నేర్చుకోండి. జ్ఞానస్నానం కాని బిడ్డ మీ ఇంట ఉంటే, ఈ ఆదివారం పూజ ముగియగానే మీ విచారణ గురువును కలవండి.